చెన్నపట్నపు లోకల్ రైళ్లు, విమానాశ్రయపు వాకిలి

విమానయానాన్ని గురించి వ్రాసేవారు అనేకులు. విమానాశ్రయానికి ఎదుటనే రోజంతా ఆగుతూ, కూలివానిని, గుమాస్తాను, విద్యార్థిని దింపి మళ్లీ కదలిపోయే లోకల్ రైలును గురించి వ్రాసేవారు అరుదు. మద్రాసు అని మన పెద్దలు పిలిచిన, 1996 నుంచి చెన్నై అనే పేరుతో వ్యవహరింపబడుతున్న మహానగరంలో అటువంటి రైలు ఉన్నది. ఆ స్టేషన్ పేరు తిరుశూలం. ప్లాట్‌ఫారం మీద నిలబడితే జాతీయ రహదారికి ఆవల విమానాశ్రయ భవనాలు కనబడుతూ ఉంటాయి. విమానాశ్రయానికి ఇంత చేరువలో, ఇంత తక్కువ చార్జీకి రైలు దొరికే నగరాలు మన దేశంలో బహు కొద్ది.

మా ప్రాంతపు పాఠకులకు ఈ విషయంతో సంబంధమేమిటని ఎవరైనా అడుగవచ్చును. సంబంధం ఉన్నది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువు కోసం పోయేవారికి చెన్నై విమానాశ్రయం చిరకాలంగా ఒక ముఖ్యద్వారం. వారిలో ఇంట ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు, తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. మన కళాశాలలో చదివే పిల్లలలో తండ్రినో, అన్ననో ఆ దారిన సాగనంపినవారు లేకపోలేదు. బయలుదేరే మనిషి అప్పుచేసి టిక్కెట్టు కొన్నవాడు. అతనికి పది రూపాయలకూ ఐదువందల రూపాయలకూ గల తేడా చిన్నది కాదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. చెన్నైలో రైళ్లకు కొరత లేదు. ఒక బండి దిగి మరొక బండి ఎక్కవలసిన చోట, స్టేషన్ దాటి అసలు గమ్యం చేరవలసిన చోట, మధ్యనున్న కొద్దిపాటి ఎడంలోనే సామాన్యుని కష్టమంతా ఇమిడి ఉన్నది. ఆ ఎడాలు ఎట్లా ఏర్పడినవో తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి.

దక్షిణ భారతదేశంలో ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మొదలయింది. మద్రాసు రేవుకు చేరువలోని రాయపురం నుంచి ఆర్కాటు ప్రాంతంలోని వాలాజా రోడ్డు వరకు, సుమారు నూరు కిలోమీటర్ల దూరం ఆ బండి నడిచింది. వాలాజా అనేది ఆర్కాటు నవాబు మహమ్మదలీ బిరుదు. ఆ వంశంలోని చివరి పాలకుడు గులాం గౌస్ ఖాన్ 1855లో సంతానం లేక మరణించగా కుంఫిణీ ప్రభుత్వం నవాబు పదవినే రద్దుచేసింది. మరుసటి ఏడాదే ఆ వంశపు పేరుగల ఊరికి ఇంగ్లీషువారి పొగబండి చేరింది. ఇది చరిత్రలో కాకతాళీయమే కావచ్చును గాని మాకు మాత్రం మరపునకు రాని విషయం.

ఆ దారి వేసినది మద్రాసు రైల్వే కంపెనీ. వారిది బ్రాడ్‌గేజి, అనగా పట్టాల నడుమ ఐదున్నర అడుగుల వెడల్పు. వారి పట్టాలే కడప మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చే పట్టాలను కలుసుకున్నాయి. నేటికీ మా ప్రాంతంవారు చెన్నై పోయే దారి అదే. ఆ కంపెనీవారి పెద్ద స్టేషన్ సెంట్రల్, 1873లో ఏర్పడింది. నగరానికి దక్షిణంగా తాంబరం, చెంగల్పట్టు, విల్లుపురం మీదుగా పోయే దారి మాత్రం వేరొక సంస్థది. అది సౌత్ ఇండియన్ రైల్వే. వారిది మీటర్‌గేజి. వారి ముఖ్యస్థానం ఎగ్మోర్. ఇప్పుడున్న అందమైన భవనం 1908లో వెలసింది. కంపెనీలు రెండు, గేజీలు రెండు. ఒకరి బండి మరొకరి పట్టాలమీద నడవజాలదు. కాబట్టి ఉత్తరం నుంచి వచ్చినవాడు సెంట్రల్‌లో దిగి, పూనమల్లి హైరోడ్డు దాటి, ఎదుటనున్న పార్క్ స్టేషన్‌లో దక్షిణపు బండి ఎక్కవలసి వచ్చింది. 1951 ఏప్రిల్ 14న కంపెనీలన్నీ కలిసి దక్షిణ రైల్వే అయ్యాయి. ఇద్దరు యజమానులు పోయి ఒక్కరే మిగిలారు. రోడ్డు మాత్రం అక్కడే ఉన్నది, దాటవలసిన మనిషి అక్కడే ఉన్నాడు.

ఇక విద్యుత్తు రైలు సంగతి. మద్రాసు బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వరకు గల మీటర్‌గేజి దారిని సౌత్ ఇండియన్ రైల్వేవారు 1931లో విద్యుదీకరించారు. బొంబాయిలో విద్యుత్తు రైలు 1925లోనే వచ్చింది గాని, మీటర్‌గేజి మీద విద్యుత్తు బండి నడవడం దేశంలో ఇదే మొదలు. బీచ్ స్టేషన్ పక్కన రేవు, జార్జిటౌను వర్తక వీధులు, బ్యాంకులు, కచ్చేరీలు. తాంబరం వైపు ఖాళీ నేలలు, చెరువులు, మామిడితోపులు. పనిచేసే చోటు ఒకటి, నివసించే చోటు మరొకటి కావడానికి దారి ఏర్పడింది. మరుసటి ఏడు, 1932 అక్టోబరులో, టాటావారి తపాలా విమానం కరాచీ నుంచి బొంబాయికి, అక్కడినుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు వచ్చింది. ఈ నగరానికి విద్యుత్తు రైలూ విమానపు తపాలా ఒక్క ఏడాది తేడాతో వచ్చాయన్నమాట. వానిలో మొదటిది ఆనాడే వేలమందికి అందింది. రెండవది సామాన్యునికి అందడానికి అరవై డెబ్బది ఏండ్లు పట్టింది.

విద్యుత్తు లోకల్ బండికి ప్రత్యేకంగా ఇంజను ఉండదన్న సంగతి చాలామంది గమనించరు. పెట్టెల మధ్య అక్కడక్కడ మోటారు పెట్టెలు ఉంటాయి. సాధారణంగా మూడు పెట్టెలు ఒక జట్టు. వానిలో ఒకదానికి మోటార్లు ఉంటాయి. అటువంటి మూడు జట్లు కలిస్తే తొమ్మిది పెట్టెల బండి, నాలుగు కలిస్తే పన్నెండు పెట్టెల బండి. పైనున్న తీగనుంచి 25,000 వోల్టుల విద్యుత్తును బండి కప్పుపై ఉన్న చట్రం అందుకుంటుంది. మోటారు పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గించి మోటార్లకు ఇస్తుంది. మొదట 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచిన ఈ దారిని 1967లో ఈ పద్ధతికి మార్చారు. లాగే బలం బండి పొడుగునా పంచబడి ఉండడంచేత బండి త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా నిలుస్తుంది. బండికి రెండు కొసలా డ్రైవరు గది ఉండడంచేత చివరి స్టేషన్‌లో ఇంజను తిప్పే పని లేదు. డ్రైవరు ఈ కొస దిగి ఆ కొసకు నడిచిపోతే తిరుగు ప్రయాణం సిద్ధం. బీచ్ నుంచి తాంబరం వరకు సుమారు 29 కిలోమీటర్లలో పద్దెనిమిది స్టేషన్లు ఉన్నాయి. సగటున రెండు కిలోమీటర్లు కూడ లేని ఎడంలో ఒక్కొక్క స్టేషన్. ఆవిరి ఇంజనుతో ఇటువంటి దారిలో అటువంటి వేగం సాధ్యమయ్యేది కాదు. ఈ బండ్లలో చాలా భాగం తయారయ్యేది కూడ ఆ నగరంలోనే, పెరంబూరులో 1955లో నెలకొల్పిన పెట్టెల కర్మాగారంలో.

ఈ దారి వెంట ఊళ్లు ఎట్లా పెరిగినవో చూడడం ఆసక్తికరం. మద్రాసు క్రిస్టియన్ కళాశాల వందేళ్లుగా జార్జిటౌనులో ఉండి, 1937లో తాంబరం అడవి అంచుకు తరలిపోయింది. ఆరేండ్ల ముందు విద్యుత్తు రైలు రాకపోతే అంత దూరానికి కళాశాలను తరలించే సాహసం ఎవరికైనా కలిగేదా అని మేము అనుకుంటాము. తాంబరం శానిటోరియం అనే స్టేషన్ క్షయరోగుల కోసం 1928లో వెలసిన వైద్యాలయం వల్ల ఆ పేరు పొందింది. క్రోంపేట అనే పేరు వినగానే తమిళపదమని భ్రమపడతాము. అది క్రోమ్ పద్ధతిలో తోళ్లు పదునుపెట్టే కర్మాగారం వల్ల వచ్చిన పేరు. తాంబరం దాటితే వండలూరు. అక్కడి క్రెసెంట్ ఇంజనీరింగ్ కళాశాల 1984లో మొదలయింది. నేడు అది విశ్వవిద్యాలయ స్థాయి పొందిన సంస్థ. నగరం వైపు వస్తే మాంబళం, కోడంబాకం. తెలుగు చలనచిత్ర పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోక ముందు ఈ రెండు స్టేషన్ల పేర్లు తెలియని తెలుగు నటుడు గాని రచయిత గాని ఉండేవాడు కాదు. అవకాశం కోసం వచ్చిన యువకుడు కోడంబాకంలో దిగి నడవడం ఆ కాలపు ఆత్మకథలలో సర్వసాధారణమైన ఘట్టం.

మీనంబాకం ఈ వరుసలోనిదే. విమానాశ్రయపు పాత భవనం ఆ స్టేషన్ వైపు ఉండేది. 1980లలో కొత్త భవనాలను దానికి దక్షిణంగా, తిరుశూలం కొండకు ఎదురుగా కట్టారు. అప్పటినుంచి విమానాశ్రయపు స్టేషన్ మీనంబాకం కాదు, తిరుశూలం. అయినా ‘మీనంబాకం విమానాశ్రయం’ అనే పేరు జనం నోట నిలిచిపోయింది. పేరు నమ్మి మీనంబాకంలో దిగినవారు మూటలతో ఒక స్టేషన్ దూరం వెనుకపడతారు. ఈ దారిన మొదటిసారి పోయేవారికి ఇది చెప్పితీరవలసిన సంగతి.

తిరుశూలంలో దిగేది ఎవరు? విమాన ప్రయాణికులని భావిస్తే పొరపాటు. ఏ ఉదయమైనా అక్కడ దిగేవారిలో అధికులు విమానాశ్రయంలో ఊడ్చేవారు, సామాను ఎత్తేవారు, కాపలాదారులు, కాంటీనులో వండేవారు, దుకాణాలలో నిలబడేవారు. వారు వచ్చేది చెంగల్పట్టు, గూడువాంచేరి, పల్లావరం, సైదాపేట వంటి చోట్ల నుంచి. విమానం ఎక్కేవారికి కారు ఉంటుంది, లేదా కారు కుదుర్చుకునే స్తోమత ఉంటుంది. విమానాశ్రయాన్ని నడిపే చేతులు రైలులో వస్తాయి. ఒక్కరోజు లోకల్ బండ్లు నిలిచిపోతే విమానాలకు తీగతో సంబంధం లేకపోయినా విమానాశ్రయానికి ఇబ్బంది తప్పదు.

వారిని పోషించేది సీజన్ టిక్కెట్టు. దీని లెక్క తెలుసుకోదగినది. రెండవ తరగతి నెల టిక్కెట్టు వెల సుమారు పదిహేను ఒంటి ప్రయాణాల చార్జీకి సమానం. నెలకు ఇరవై ఐదు దినాలు పనికి పోయేవాడు రానుపోను యాభైసార్లు బండి ఎక్కుతాడు. పదిహేనింటికి డబ్బు ఇస్తాడు, ముప్పై ఐదు ప్రయాణాలు ఉచితం. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే ఇంకా కొంత తగ్గుతుంది. విద్యార్థులకు ఇందులో సగమే. పన్నెండవ తరగతి వరకు చదివే బాలురకు, పట్టభద్రులయ్యే వరకు బాలికలకు ఇంటినుంచి విద్యాలయానికి రెండవ తరగతి నెల టిక్కెట్టు ఉచితంగా ఇవ్వాలని రైల్వే నిబంధన ఉన్నది. మదరసాలలో చదివేవారిని కూడ ఆ నిబంధనలో చేర్చారు. నెలకు 1,500 రూపాయలు మించని ఆదాయం గలవారికి నూరు కిలోమీటర్ల వరకు 25 రూపాయలకే నెల టిక్కెట్టు ఇచ్చే ‘ఇజ్జత్’ పథకం 2009లో వచ్చింది. ఇజ్జత్ అనే ఉర్దూ మాట ఇక్కడ చక్కగా అమరింది: టిక్కెట్టు లేకుండా భయపడుతూ పోవడం వేరు, టిక్కెట్టు జేబులో పెట్టుకొని తలెత్తి పోవడం వేరు. ఈ సదుపాయాలున్నవని తెలియక పూర్తి చార్జీ చెల్లించే విద్యార్థులు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. అందుచేతనే ఇంత విపులంగా వ్రాశాము.

ఇప్పుడు గల్ఫ్‌కు పోయే మా ప్రాంతపు మనిషి దారిని అనుసరించుదాము. కడపలోనో, రాజంపేటలోనో ఎక్కిన బండి రేణిగుంట, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సెంట్రల్ చేరుతుంది. (తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోనిది. సరిహద్దుల మార్పులో అటు పోయింది.) అతని వద్ద ఒక పెద్ద పెట్టె, తాళ్లతో బిగించిన ఒక అట్టడబ్బా, భుజానికొక సంచి ఉంటాయి. పచ్చళ్లు, కారప్పొడి ఆ డబ్బాలో ఉంటాయని వేరే చెప్పనక్కరలేదు. సెంట్రల్ బయట ఆటోవారు, టాక్సీవారు చుట్టుముట్టుతారు. వారికి చెవి ఒగ్గక సబ్‌వే మెట్లు దిగి, రోడ్డు కింద నడిచి, మరల మెట్లు ఎక్కితే పార్క్ స్టేషన్. అక్కడ తిరుశూలానికి రెండవ తరగతి టిక్కెట్టు పది రూపాయలు మించదు. తాంబరం వైపు పోయే సాధారణ బండి ఎక్కితే ముప్పావు గంటలోగా తిరుశూలం. ఫాస్ట్ అని పిలిచే బండ్లు అనేక స్టేషన్లలో ఆగవు కనుక ఎక్కేముందు అడగడం మంచిది. ఉదయంపూట జనమంతా తాంబరం నుంచి నగరంలోకి వస్తుంటారు. దక్షిణంగా పోయేవానికి అప్పుడు రద్దీ కొంత నయం. సాయంకాలం ఇది తలక్రిందులవుతుంది. పెట్టెతో ఎక్కడం కష్టసాధ్యం. స్త్రీలకు వేరుగా పెట్టెలున్నవి.

ఇందులో బండి దిగి ఎక్కడం తప్ప కష్టమేమున్నదని అనవచ్చును. కష్టం అదే. ముప్పై, నలభై కిలోల సామానుతో మెట్లు దిగి ఎక్కడం, తెలియని భాషలో దారి అడగడం, తిరుశూలంలో మరల రోడ్డు దాటి విమానాశ్రయపు ద్వారం వెదకుకోవడం. ఈ మూడూ కలిసి పది రూపాయల ప్రయాణాన్ని అతనికి దూరం చేస్తాయి. అతడు ఆటో ఎక్కుతాడు. గల్ఫ్ విమానాలలో చాలా వాని వేళలు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య పడతాయి. ఆ నడుమ కొన్ని గంటలు లోకల్ బండ్లు విశ్రమిస్తాయి. సాయంత్రమే వచ్చి విమానాశ్రయం బయట కూర్చున్నవారు, రాత్రి దిగి తొలి బండి కోసం తెల్లవారేదాక మేలుకొన్నవారు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. సాగనంపడానికి వచ్చిన ముసలి తల్లిదండ్రుల సంగతి మరీ కష్టం. కొడుకు లోపలికి పోయినాక వారు అద్దాల బయట కొంతసేపు నిలబడి, ఆ రోడ్డే దాటి, తిరిగి సెంట్రల్ చేరవలసి ఉంటుంది.

ఈ ఎడాన్ని పూడ్చడానికి వచ్చినది మెట్రో రైలు. విమానాశ్రయం నుంచి లిటిల్ మౌంట్ వరకు 2016 సెప్టెంబరులో నడిచింది. 2019 ఫిబ్రవరి 10 నుంచి సెంట్రల్ మీదుగా నగరపు ఉత్తర భాగం వరకు నేరుగా పోసాగింది. సెంట్రల్‌లో దిగినవాడు భూమిలోపలి స్టేషన్‌కు చేరి ఒకే బండిలో విమానాశ్రయపు ఆవరణలోనే దిగవచ్చును. లిఫ్టులు, కదిలే మెట్లు ఉన్నాయి. చల్లదనం ఉన్నది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడడం మాకు ఇష్టం లేదు. సామానుతో పోయేవానికి ఇదే మేలైన దారి. 2021లో సవరించిన పట్టిక ప్రకారం అత్యధిక చార్జీ 50 రూపాయలు. ఒకసారి పోయేవానికి అది భారం కాదు. నిత్యం పోయే కాపలాదారునికి భారమే. అందుచేత నేడు విమానాశ్రయానికి రెండు రైళ్లు, రెండు వర్గాల జనం. మెట్రోలో పెట్టెలు పట్టుకున్నవారు కనబడతారు. తిరుశూలంలో టిఫిను డబ్బాలు పట్టుకున్నవారు దిగుతారు. తిరుశూలం మెట్లకు మెట్రో మెట్లకున్న మర్యాద కలిగించడానికి అయ్యే వ్యయం మెట్రో వ్యయంలో లేశమాత్రం. ఆ పని ముందే జరిగి ఉండవలసిందని మా అభిప్రాయం.

పాత ఎడాలు పూడుతుండగా కొత్త ఎడాలు పుట్టడం విచిత్రం. దక్షిణ జిల్లాల బస్సుల కోసం వండలూరు సమీపంలోని కిలాంబాకంలో బ్రహ్మాండమైన బస్సు స్టేషన్ కట్టి 2023 డిసెంబరు 30న ప్రారంభించారు. దాని పక్కనే రైలు పట్టాలు పోతున్నాయి. ప్రారంభించిన నాడు అక్కడ రైలు స్టేషన్ లేదు! బస్సు దిగినవారు లోకల్ బండి కోసం వండలూరికో, ఊరపాక్కానికో పోవలసివచ్చింది. కంపెనీలు రెండున్న కాలంలో సెంట్రల్‌కూ పార్క్‌కూ మధ్య ఎడం మిగలడానికి కారణం ఉన్నది. ఇప్పటి ఎడానికి కారణం కార్యాలయాలు రెండు కావడమే అనుకోవాలి.

మన హైదరాబాదు ఇంతకంటె మెరుగని చెప్పలేము. బేగంపేట విమానాశ్రయం ఉన్న కాలంలో 2003లో ప్రారంభమైన ఎంఎంటీఎస్ బండ్లు దాని సమీపంలోనే ఆగేవి. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాదుకు తరలిపోగా, రైలు వెనుకనే ఉండిపోయింది.

ఉత్తరపు లోకల్ దారిని గురించి కొంత చెప్పకపోతే తెలుగువారికి అన్యాయం చేసినట్లవుతుంది. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ అనే పాత అంగడి ఉండేది. పాత పుస్తకాల కోసం తెలుగు పండితులు, ఉర్దూ విద్వాంసులు దాని అరుగులమీద గంటలు గడిపేవారు. 1985లో అది అగ్నికి ఆహుతి అయింది. ఆ స్థలంలో లేచిన మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచే నేడు ఉత్తరపు, పడమటి లోకల్ బండ్లు బయలుదేరుతాయి. గుమ్మిడిపూండి వరకు విద్యుత్తు 1979లో వచ్చింది. తిరువొత్తియూరు, ఎన్నూరు, మీంజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి దాటి, ఆరంబాకం తరువాత రాష్ట్రపు ఎల్ల దాటగానే తడ. ఆ వెనుక సూళ్లూరుపేట, సెంట్రల్‌కు సుమారు 83 కిలోమీటర్లు. లోకల్ బండి అక్కడిదాక పోతుంది. 1971 నుంచి రాకెట్లు లేస్తున్న శ్రీహరికోటకు దిగవలసిన స్టేషన్ అదే. ఒకే సీజన్ టిక్కెట్టుతో రెండు రాష్ట్రాల మధ్య ప్రతిదినం తిరిగే గుమాస్తాలు, పాలవారు, చేపలు అమ్మే స్త్రీలు, శ్రీసిటీ కర్మాగారాల పనివారు ఈ దారిలో కనబడతారు. పెట్టెలో ఒక మూల తెలుగు, ఒక మూల తమిళం. బేరమాడవలసి వస్తే రెండూ కలిసిన మూడవ భాష. సరిహద్దు ఎక్కడ దాటినదీ వారిలో ఎవరూ తలెత్తి చూడరు.

2004లో తాంబరం దారిలో మీటర్‌గేజి లోకల్ బండ్లు నిలిచిపోయి, అంతటా బ్రాడ్‌గేజి బండ్లే నడవసాగాయి. గేజి వల్ల కలిగిన అడ్డు దానితో తొలగింది. ఉత్తరపు పట్టాలూ దక్షిణపు పట్టాలూ బీచ్ స్టేషన్‌లో కలుస్తాయి. అయినా ఉత్తరం నుంచి వచ్చే బండ్లలో అధికభాగం మూర్ మార్కెట్ కాంప్లెక్సులోనే నిలిచిపోతాయి. సూళ్లూరుపేటలో ఎక్కినవాడు తిరుశూలం పోవాలంటే ఇప్పటికీ చాలావరకు అదే రోడ్డు కింద నడవాలి. 2025 ఏప్రిల్‌లో బీచ్, చెంగల్పట్టుల మధ్య చల్లని గాలి పెట్టెల లోకల్ బండి ఒకటి మొదలయింది. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. మెట్టుమీద వ్రేలాడి ప్రాణాలు పోగొట్టుకునేవారి సంగతి తెలిసినవారు ఇది చిన్న విషయమని అనరు. చార్జీ మాత్రం సాధారణ చార్జీకి అనేక రెట్లు.

2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు నది పొంగి విమానాశ్రయపు రన్‌వేను ముంచింది. విమానాలు నీటిలో నిలబడిన చిత్రాలు పత్రికలలో అందరూ చూశారు. లోకల్ బండ్లు కూడ నిలిచిపోయాయి. విమానాశ్రయం మూతబడిన ఆ కొద్ది దినాలు స్వదేశీ విమానాలు కొన్నింటిని అరక్కోణంలోని నౌకాదళపు విమాన స్థావరం నుంచి నడిపారు. సముద్రపు ఒడ్డునున్న నగరం విమానం కోసం సుమారు డెబ్బది కిలోమీటర్లు లోపలికి, లోకల్ బండ్లు పోయే ఒక రైల్వే ఊరికి పోవలసి వచ్చింది. అది కడప నుంచి చెన్నై పోయే మన బండి ఆగే అరక్కోణమే.